పాత లివర్ బీబీ గన్ బలం తగ్గితే ముందు స్ప్రింగ్‌ని కాదు, వాషర్‌ని చూడండి

మీరడిగింది చదవగానే నా గన్ గుర్తొచ్చిందండి. అటక మీద దొరికిన పాత లివర్ బీబీ గన్ (కింద లివర్ లాగి, గాలితో చిన్న స్టీల్ గుండు, అంటే బీబీని, కొట్టే గన్), లివర్ బాగానే పడుతోంది, ట్రిగ్గర్ నొక్కితే టప్‌మని చప్పుడొస్తోంది కానీ బీబీ నాలుగడుగుల్లో కింద పడిపోతోంది, కర్రంతా నల్లబడి గీతలు పడింది, బాగు చేసి పన్లో పనిగా గట్టి స్ప్రింగ్ వేసి పవర్ పెంచొచ్చా అని కదా. బాగవుతుంది, అందంగా కూడా అవుతుంది, ఆ స్ప్రింగ్ ఆలోచన ఒక్కటి మాత్రం వదిలేయండి.

నాది మా బాబాయి చిన్నప్పుడు వాడింది, ఏళ్ల తరబడి మూల పడి ఉంది. నేను కూడా మొదట స్ప్రింగే పోయిందనుకున్నా, తుప్పు వదిలించే స్ప్రే ఒకటి ఉంటే బ్యారెల్లోకి బాగా కొట్టేసా, రెండు రోజులు కాస్త మెరుగ్గా కొట్టి తర్వాత ముందుకన్నా అధ్వాన్నం అయింది. తీరా విప్పి చూస్తే స్ప్రింగ్ నిక్షేపంగా ఉంది, ప్లంజర్ (లోపల గాలిని తోసే పిస్టన్) చివర తోలు వాషర్ ఎండిపోయి అట్టముక్కలా గట్టిపడింది, ఉన్న కాస్త జిడ్డుని కూడా ఆ స్ప్రే కడిగేసింది.

లోపల జరిగేది పెద్ద విద్యేం కాదండి. లివర్ లాగితే ప్లంజర్ వెనక్కి జరిగి స్ప్రింగ్‌ని నొక్కుతుంది, సియర్ అనే చిన్న కొక్కెం దాన్ని పట్టుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదిలేస్తుంది, ప్లంజర్ ముందుకి దూకి గాలిని సన్న గొట్టంలోంచి తోస్తుంది, ఆ గాలే బీబీని కొడుతుంది. సైకిల్ పంపు చూసారు కదా, లోపల తోలు వాషర్ ఎండిపోతే ఎంత కొట్టినా గాలి ఎక్కదు, రెండు చుక్కలు నూనె పడితే మళ్లీ పట్టేస్తుంది, ఇదీ అచ్చం అంతే. కొత్త గన్లలో తోలు బదులు ప్లాస్టిక్ లాంటి సీల్ ఉంటుంది, అది చిరిగితే మార్చడమే, నూనెతో బాగవ్వదు.

అందుకని విప్పేముందు ఇది చేయండి. గన్ ఖాళీయేనని తేల్చుకోండి, ట్యూబ్‌లో ఒక బీబీ ఎక్కడో ఇరుక్కుని ఉండటం చాలా మామూలు, అందుకే బాగా ఊపి, గుడ్డలు కూరిన అట్టపెట్టెలోకి రెండు మూడుసార్లు పేల్చి చూడండి, ఊరికే అదేపనిగా ఖాళీగా పేల్చకండి, సీల్ దెబ్బతింటుంది. కళ్లద్దాలు మొదటి నుంచీ ఉండాల్సిందే. తర్వాత సాదా మోటార్ ఆయిల్ రెండు మూడు చుక్కలు, కొన్ని గన్లకి నూనె కోసమే చిన్న కన్నం ఉంటుంది అందులో వేయండి, లేకపోతే షాట్ ట్యూబ్, అంటే బ్యారెల్ లోపల బీబీ వెళ్లే గొట్టం, ఊడదీసి ఆ దారిన వేయండి, ఒక రాత్రంతా నిలబెట్టి ఉంచితే తోలు పీల్చుకుంటుంది. ఎక్కువ పోయకండి, మొదటి నాలుగైదు షాట్లకి పొగలా వచ్చి నూనె తుంపర్లు పడతాయి.

దానికీ లొంగకపోతే లక్షణాన్ని బట్టి వెతకాలి. గన్ ముక్కు కిందకి వంచగానే బీబీ దానంతటది జారి పడిపోతే వాషర్ సంగతి కాదు, షాట్ ట్యూబ్‌లో బీబీని ఆపి ఉంచే అయస్కాంతమో చిన్న స్ప్రింగో పోయిందన్నమాట, ట్యూబ్ మారిస్తే సరిపోతుంది. లివర్ లాగేటప్పుడు కరకరమని మధ్యలో తడబడితే అప్పుడు మెయిన్ స్ప్రింగ్ విరిగి ఉండొచ్చు. లివర్ పూర్తిగా లాగినా పట్టుకోకుండా వెనక్కొచ్చేస్తుంటే సియర్ అరిగింది. ట్రిగ్గర్ తేలిక అవుతుందని సియర్ అంచుని ఆకురాయితో రాసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి, పట్టు తప్పితే గన్ తనంతట తనే పేలుతుంది, అరిగిన సియర్‌కి కొత్తది వేయడం ఒక్కటే మార్గం.

ఇంకో మాట, ఇది మాత్రం నెమ్మదిగా చదవండి. పాత లివర్ గన్లలో లివర్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ నొక్కుకుంటే లివర్ మహా వేగంగా వెనక్కొచ్చి కొడుతుంది, మధ్యలో వేలుంటే ఎముక విరుగుతుంది. లివర్ తిరిగి మూసుకునేదాకా ట్రిగ్గర్ దగ్గరకి వేలు పోకూడదు, లివర్ మీంచి చెయ్యి తీయకూడదు. విప్పేటప్పుడు కూడా అంతే, కాక్ చేసి (లివర్ లాగి పేల్చడానికి సిద్ధంగా) ఉన్న గన్‌ని విప్పకూడదు, కాక్ చేయకపోయినా లోపల స్ప్రింగ్ కొంత నొక్కుడులోనే ఉంటుంది, దాన్ని వెనక నుంచి అదిమి పట్టడానికి తగిన పనిముట్టు లేకపోతే ఆ ఒక్క పని తెలిసినవాళ్లకి ఇవ్వడమే మంచిది. నేను మొదటిసారి పక్కన ఇంకో మనిషిని పెట్టుకుని విప్పా, ప్రతి స్క్రూకి ఒక ఫోటో తీసుకున్నా, బిగించేటప్పుడు ఆ ఫోటోలే కాపాడాయి. విడిభాగాలు కొనేముందు మీ గన్ ఏ కాలందో చూసుకోండి. డైసీ కంపెనీ రెడ్ రైడర్ అనే లివర్ గన్ 1940ల్లో వచ్చింది, ఇప్పటికీ దొరుకుతోంది, పేరు అదే కానీ లోపలి భాగాలు మారుతూ వచ్చాయి, ఒకదానివి ఇంకోదానికి సరిపోకపోవచ్చు.

ఇక గట్టి స్ప్రింగ్ సంగతి. ఈ గన్ల ఒళ్లు పల్చటి రేకు, ఆ స్ప్రింగ్ బలానికి తగ్గట్టే లివరూ సియరూ చేసారు, బలం పెంచితే ముందు అవే అరిగి విరుగుతాయి, పైగా కాక్ చేసిన గన్ చేతిలో జారి పేలే ప్రమాదం. పోనీ లాభమేమైనా ఉందా అంటే అదీ లేదు, బ్యారెల్ లోపల గాడులుండవు, స్టీల్ బీబీ అందులో వదులుగానే వెళ్తుంది, వేగం పెరిగినంత మాత్రాన గురి పెరగదు. ఇలాంటి గన్లలో బీబీ సెకనుకి 350 అడుగుల వేగం దాకా వెళ్తుంది, కాగితం మీద గురికి అది చాలు, పిల్లల బీబీ పోటీలు జరిగేదే 5 మీటర్ల దూరంలో. ఆ వేగంలో కూడా గట్టి వస్తువుకి తగిలితే స్టీల్ బీబీ నేరుగా మన ముఖం మీదకే తిరిగొస్తుంది, కన్ను పోతుంది. ఒకసారి కాల్చిన బీబీ మళ్లీ వాడొద్దు, నొక్కుపడ్డది ట్యూబ్‌లో ఇరుక్కుంటుంది.

మీ ఓపికంతా కర్ర మీద పెట్టండి, నాకు అసలు ఆనందం అక్కడే దొరికింది. స్టాక్ (భుజానికి ఆనే కర్ర భాగం) ఊడదీసి పాత వార్నిష్ గీకేసి, 120 నంబర్ గరుకు కాగితంతో మొదలుపెట్టి 220, తర్వాత 400, ఎప్పుడూ కర్ర గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే నూనె పూసాక ప్రతి గీతా కనిపిస్తుంది. తర్వాత బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే త్వరగా ఆరేలా చేసి ఆ పేరుతో అమ్మే అవిసె నూనె, చాలా పల్చగా పూసి ఒక పావుగంట ఆగి మిగిలింది తుడిచేసి పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ పూయడం, నేను ఆరు పూతలు వేసా, నల్ల మొద్దులా ఉన్నదాంట్లోంచి ఎర్రటి నార బయటపడుతుంటే చూస్తూ కూర్చుండిపోయా. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విడదీసి బయట పరిచి ఆరేయండి లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

పెద్దవాళ్లకి ఈ స్టాక్ పొట్టిగా ఉంటుంది, నేను వెనక 2 సెంటీమీటర్ల కర్రముక్క చేర్చి పొడుగు స్క్రూలతో బిగించా, భుజానికి హాయిగా ఆనుతోంది. లివర్‌కి సన్న తోలు తాడు చుట్టా, ముందు సైట్ కొనకి తెల్ల రంగు చుక్క పెట్టా, గురి చూడటానికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ చుక్కే. లోహానికి కోల్డ్ బ్లూ (ఉక్కుని నల్లబరిచే మందు) పూద్దామనుకుంటే అది వట్టి ఉక్కు మీదే పడుతుంది, రంగు వేసి వచ్చిన గన్ మీద పని చేయదు. ముక్కుకి నారింజ రంగు ఉంటే దాన్ని తీయకండి, అసలు తుపాకీలా కనిపించేలా మాత్రం చేయొద్దు, చూసినవాళ్లకి తేడా తెలియదు. మరీ పాతది, అరుదైనది అయితే రంగు జోలికే పోకండి, సేకరించేవాళ్లు మొదటి పూతకే విలువిస్తారు.

ముందు నూనె వేసి ఒక రాత్రి ఆగి చూడండి. అప్పటికీ అంతే ఉంటే ముక్కు కిందకి వంచినప్పుడు బీబీ జారుతోందా, లివర్ లాగేటప్పుడు ఏ చప్పుడొస్తోందో ఇక్కడే రాయండి, ఏ భాగం చూడాలో చెప్తా.