సూపర్‌ఛార్జర్ బిగించిన పికప్‌లో వీవీటీ ఆపేయాలా, ట్యూన్ చేసుకోవాలా?

వీవీటీ అంటే ఇంజన్ నడుస్తుండగానే వాల్వ్‌లు తెరుచుకునే వేళను మార్చే ఏర్పాటు. వాల్వ్‌లను తెరిచే క్యామ్‌ను ముందుకు జరిపితే అడ్వాన్స్, వెనక్కి జరిపితే రిటార్డ్. దాన్ని ఆపేయకండి. ఆపేయమని చెప్పేవాళ్లకు దాన్ని ట్యూన్ చేయడం రాదు, అంతే.

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. గల్ఫ్‌లో చాలాకాలం గ్యారేజీ పని చేసి వచ్చాను. ఇక్కడ సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) ఉన్న బండి మచ్చుకైనా లేదు. కానీ బొలెరో పికప్ తెచ్చి ‘దీనికి బిగించండి గురువుగారూ’ అనే కుర్రాళ్లకు కొదవ లేదు. నాయనా, ఇది డీజిల్, గాలి నెట్టే టర్బోతోనే వచ్చింది అన్నా వినరు. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి చెబితే నన్నే పిరికివాడన్నట్టు చూస్తారు.

సరే, విషయానికొస్తా. మస్కట్‌లో ఉన్న మా మేనల్లుడు ఒక టయోటా టండ్రా పికప్ 5.7 లీటర్ల వీ8 ఇంజన్‌కి రూట్స్ రకం సూపర్‌ఛార్జర్ బిగించి, లాగ్ (ఇంజన్ నడుస్తుండగా నమోదైన అంకెలు) ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. “మావయ్యా, ఇన్‌టేక్ క్యామ్ అడ్వాన్స్ చేసేకొద్దీ ఎయిర్‌ఫ్లో పెరుగుతోంది. లాగుడు మాత్రం పెరగట్లేదు” అన్నాడు. వీడియో కాల్‌లో బండి కింద చూపించమన్నాను. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కొలిమిలో పెట్టిన కర్రులా ఎర్రగా ఉంది!

ఇంకేం కావాలి? ఓవర్‌ల్యాప్, అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం, ఎక్కువైంది. ఆ కాస్త సమయంలో సూపర్‌ఛార్జర్ నెట్టిన గాలి, దానితోపాటు పెట్రోలు, సిలిండర్‌లో ఆగకుండా నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోయి అక్కడ మండుతున్నాయి. సెన్సార్ లెక్కపెట్టిన గాలి అంతా చక్రం దాకా రాదు కదా.

ట్యూనింగ్ మ్యాప్ (ఇంజన్ సెట్టింగుల పట్టిక)లో బూస్ట్, అంటే సూపర్‌ఛార్జర్ గాలి ఒత్తిడి, ఉన్న గళ్లలో మాత్రమే ఇన్‌టేక్ అడ్వాన్స్ తగ్గించమన్నాను. ఈ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ క్యామ్ కూడా విడిగా కదులుతుంది కాబట్టి దాని రిటార్డ్ దాదాపు సున్నాకు తెప్పించాను. నింపాదిగా నడిచే గళ్లను ముట్టుకోనివ్వలేదు, మైలేజీ ఉండేది అక్కడే. వీవీటీ ఆపేస్తే పోయేది కూడా అదే. క్యామ్ కోణం మార్చాక సిలిండర్ నిండే తీరు మారుతుంది, కాబట్టి ఇగ్నిషన్ టైమింగ్ కొంచెం తగ్గించి, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమనడం) చూసుకుంటూ మళ్లీ పెంచుకోవాలి. చాలామంది ఈ పని ఎగ్గొట్టి పిస్టన్లు పగలగొట్టుకుంటారు.

ఇంకొకటి. అదే లాగ్‌లో, ఇంజన్ వేడెక్కేదాకా ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అడిగిన క్యామ్ కోణం ఒకటి, వచ్చిన కోణం ఇంకొకటి. ఆరా తీస్తే, ఎండలు ఎక్కువని ఓనర్ 20డబ్ల్యూ50 అనే చిక్కటి ఆయిల్ పోయించాడట. వీవీటీని కదిపేదే ఆయిల్ ప్రెజర్. చిక్కటి ఆయిల్ ఆ సన్నటి దారుల్లో పోయేసరికి ఆలస్యమవుతుంది. దీనికి ల్యాప్‌టాప్ ఏం చేస్తుంది? నెట్‌లో మ్యాప్ కొనేముందు కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోయండి, ఆయిల్ కంట్రోల్ వాల్వ్ జల్లెడ విప్పి చూడండి.

ఆ తర్వాత మీ లాగ్ ఇక్కడ పెడితే చూస్తాను. పవర్ కొలిచే డైనో మెషిన్ కాగితం మాత్రం వద్దు.