తప్పుల జాబితా రాసే ముందు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మనవాళ్ల ఇంగ్లీషులో దొర్లే తప్పుల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం నిదానంగా చదివాను. నీ పరిశీలన చురుకైనది. ఉదాహరణలన్నీ నిత్యం మన చెవిన పడేవే. అయినా ఇప్పుడున్న రూపంలో దాన్ని అచ్చుకు పంపవద్దని నా సలహా. నీకు చిరాకు కలిగించిన ప్రతి మాటనూ నువ్వు తప్పుగానే లెక్కగట్టావు. అర్థాన్ని చెడగొట్టే ప్రయోగం వేరు, మన చెవికి ఇంపుగా లేని ప్రయోగం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టేయడంతో, నిజంగా నిలదీయవలసినవాళ్లు నీ వ్యాసంలోంచి తప్పించుకుపోయారు.

‘కజిన్ సిస్టర్’ సంగతే తీసుకో. కజిన్ అంటే చాలదా, మళ్లీ సిస్టర్ ఎందుకని ఎద్దేవా చేశావు. మన ఇళ్లలో పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో అవుతుంది; మేనమామ కూతురు వదినో మరదలో అవుతుంది. మొదటి వరసలో పెళ్లి మాట తలపెట్టడమే అపచారం. రెండో వరసలో అది ఎన్నో కుటుంబాల్లో తరతరాలుగా సాగిన సంబంధం. ఇంగ్లీషు ‘కజిన్’ ఈ రెంటినీ కలిపేస్తుంది, ఆడో మగో కూడా చెప్పదు. తన భాషలో తప్పకుండా చెప్పవలసిన వరసను పరాయి భాషలో వదులుకోలేక మనవాడు ఆ రెండో మాట చేర్చుకున్నాడు. ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ కూడా అంతే. ‘ఇక్కడే ఉన్నాను’ అనడంలో చివరి ‘ఏ’ మోసే బరువుకు ఇంగ్లీషులో సరిపోయే ప్రత్యయం లేదు గనుక, ‘ఓన్లీ’ వచ్చి ఆ చోట కూర్చుంది. ఇలాంటివి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో అచ్చయ్యే వ్యాసానికి పనికిరావని చెప్పు, ఒప్పుకుంటాను. వాటిని తెలివితక్కువతనం కింద జమకట్టడం మాత్రం అన్యాయం. అక్కడ పనిచేస్తున్నది తెలుగు వ్యాకరణం. దాన్ని గుర్తించి రాస్తే నీ వ్యాసానికి విలువ పెరుగుతుంది.

‘ప్రిపోన్’ను కూడా నీ జాబితాలోంచి తీసెయ్యి. వాయిదా వేయడానికి ‘పోస్ట్‌పోన్’ ఉన్నప్పుడు, ముందుకు జరపడానికి ఒక మాట కావలసివచ్చింది, మన దేశంలో అది బాగా పాతుకుపోయింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దానికి చోటిచ్చింది కూడా. పండితుల చిరాకు మాటల తలరాతను మార్చలేదనడానికి ఇంగ్లీషు చరిత్రే సాక్ష్యం. ఆంగ్ల భాషను సరిదిద్ది స్థిరపరచాలని 1712లో ప్రతిపాదించిన రచయిత జొనాథన్ స్విఫ్ట్‌కు, అల్లరిమూక అని అర్థమిచ్చే ‘మాబ్’ అనే మాట గిట్టేది కాదు. లాటిన్ పదబంధాన్ని నరికి తెచ్చిన ముక్క అని ఆయన కోపం. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789లో నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్‌కు ఉత్తరం రాస్తూ, ‘నోటీస్’, ‘అడ్వొకేట్’, ‘ప్రోగ్రెస్’ అనే నామవాచకాలను కొందరు క్రియలుగా వాడుతున్నారని నొచ్చుకున్నాడు. ఈనాడు ఆ మాటలన్నిటినీ మనం ఏ సంకోచమూ లేకుండా వాడుతున్నాం. ‘అక్షరాలా’ అని అర్థమిచ్చే ‘లిటరల్లీ’ని ఊరికే నొక్కిచెప్పడానికి వాడుతున్నారన్న నీ కోపమూ ఈ కోవలోనిదే గనుక దాని గురించి ఎక్కువ చెప్పను.

ఇక అర్థానికి నిజంగా చేటు చేసే ప్రయోగాలున్నాయి. నీ కోపమంతా వాటికోసం దాచుకోవాలి.

ఇంగ్లీషు పత్రికలో ‘మినిస్టర్ రెఫ్యూటెడ్ ది అలిగేషన్స్’ అని చదువుతాం. ఆ క్రియకు ఆధారాలు చూపి తప్పని రుజువు చేయడమని అర్థం. మంత్రి చేసింది మాత్రం కాదని చెప్పడమే. వట్టి నిరాకరణకు రుజువు హోదా కట్టబెట్టడం వల్ల, విలేఖరికి తెలియకుండానే వార్త ఒక పక్షం వైపు ఒరిగిపోతుంది. మనవాళ్లు ఈ పొరపాటు చేయడానికి తెలుగులోనూ ఒక కారణం ఉందని నా అభిప్రాయం. దాడిని ఖండించారు, ఆరోపణను ఖండించారు, ఎదుటివాడి వాదాన్ని ఖండించారు అని మూడు పనులకూ ఒకే క్రియ వాడతాం. మొదటిది తప్పుపట్టడం, రెండోది కాదనడం, మూడోది తర్కంతో కూల్చడం. తెలుగులో రాసేటప్పుడైనా ‘ఆరోపణ నిజం కాదన్నారు’ అని రాస్తే ఏ గొడవా ఉండదు.

శాతాల సంగతి ఇంకా తీవ్రమైనది, ఎందుకంటే అది జనం జేబుకు సంబంధించినది. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీ అయిన రెపో రేటును 6.50 శాతం నుంచి 6.25 శాతానికి తగ్గించింది. ఈ తగ్గింపు 0.25 శాతం కాదు, 0.25 శాతం పాయింట్లు. బ్యాంకులవాళ్ల మాటలో 25 బేసిస్ పాయింట్లు. 6.50లో నిజంగా 0.25 శాతమే తగ్గిస్తే రేటు దాదాపు 6.48 దగ్గరే ఆగేది. ఇలాగే ఒక పన్ను 8 శాతం నుంచి 10 శాతానికి పెరిగితే ‘రెండు శాతం పెంపు’ అంటారు; కట్టేవాడి మీద పడిన అదనపు భారం పాతిక శాతం. ‘పాయింట్లు’ అనే చిన్న మాట ఎగిరిపోవడంతో, ఎవరికి కావలసిన అంకె వాళ్లు ఎంచుకునే వీలు దొరుకుతుంది. దీని మీద నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నేనైతే వ్యాసాన్ని ఇక్కడే మొదలుపెడతాను.

ఆఫీసు మాటల్లో ‘రివర్ట్’ను తప్పకుండా ఉంచు. మన ఆఫీసుల్లో దానికి జవాబివ్వడమని అర్థం. సాఫ్ట్‌వేర్ పనిలో మాత్రం చేసిన మార్పును రద్దుచేసి కోడ్‌ను పాత స్థితికి తేవడం. హైదరాబాదు నుంచి ‘ప్లీజ్ రివర్ట్’ అని ఒక్క ముక్క వెళితే, అవతలి దేశంలో చదివేవాడు జవాబు రాయాలో, చేసిన పని చెరిపేయాలో తేల్చుకోలేకపోవచ్చు.

టిఫిన్ సెంటర్ బోర్డుల మీది స్పెల్లింగులను వెక్కిరించిన పేరా మొత్తం కొట్టెయ్యి. ఆ బోర్డు చూసి ఇడ్లీకి బదులు మరొకటి అడిగినవాళ్లెవరూ లేరు. ఇంగ్లీషు చదువు అందనివాడు బతుకుతెరువు కోసం రాయించుకున్న నాలుగు అక్షరాల మీద, చదువుకున్నవాళ్లం నవ్వుకోవడం మనకు తగదు. మాటలు రాసి జీతం పుచ్చుకునేవాళ్లను అడుగు: విలేఖరులను, ప్రకటనలు రాసేవాళ్లను, సామాన్యుడు సంతకం పెట్టవలసిన దరఖాస్తులు తయారుచేసే అధికారులను. వాళ్ల తప్పుకు మూల్యం చెల్లించేది చదివేవాడు.

చివరగా, నీ వ్యాసంలో ‘అక్యూజ్డ్’, ‘కన్విక్ట్’ల ఊసే లేదు. నిందితుడు వేరు, దోషి వేరు. అరెస్టయిన సాయంత్రానికే మనిషిని ‘క్రిమినల్’ అని తెర మీద వేస్తారు. బెయిలు వస్తే కేసు పోయిందంటారు. బెయిలు దొరక్కపోతే శిక్ష పడినట్టే మాట్లాడతారు. కోర్టు నిర్దోషి అని తేల్చిన తర్వాత కూడా ఆ మాట ఆ మనిషిని, ఆయన పిల్లలను వదలదు. దీనికి రెండు మూడు పేరాలైనా కేటాయించు. అందుకు చోటు కావాలంటే ‘లిటరల్లీ’ని, ‘ప్రిపోన్’ను తీసేస్తే సరిపోతుంది. తిరగరాసిన ప్రతి పంపు, చదివి వివరంగా రాస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి