మీ ఫొటోలోది కాల్వడోసియా క్రక్స్‌మెలిటెన్సిస్

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో ఎర్ర నాచుకు అంటుకుని కనిపించిన ఆ చిన్న జీవి సీ అనెమొనీయా (రాళ్లకు అంటుకుని ఉండే పువ్వులాంటి సముద్రజీవి), కదలట్లేదు కాబట్టి చచ్చిపోయిందా అని అడిగారు కదా. రెండూ కాదండి. అది కాడ ఉన్న జెల్లీఫిష్, మామూలు జెల్లీఫిష్‌లా ఈదుతూ తిరగదు, కాడతో నాచును పట్టుకుని గరాటులా నోరు తెరుచుకుని ఉంటుంది.

చాలామంది దీన్ని హాలిక్లిస్టస్ (కాడ ఉన్న జెల్లీఫిష్‌లలోనే ఇంకో రకం) అనుకుంటారు. కానీ హాలిక్లిస్టస్‌కి గరాటు అంచున ఉండే 8 చేతుల మధ్య ఒక్కో గింజ ఆకారపు బుడిపె ఉంటుంది, మీ ఫొటో జూమ్ చేసి చూస్తే ఆ చోటంతా ఖాళీ. పైగా ముదురు ఎరుపు రంగు, లోపల శిలువ ఆకారంలో పరుచుకున్న తెల్ల చుక్కలు (అవి కుట్టే కణాల గుంపులు, ఎంత అందంగా ఉన్నాయో!), కాబట్టి నాకైతే డౌట్ లేదు. దీని దగ్గరి చుట్టం కాంపాన్యులాటా అయితే చుక్కలు లేత నీలంగా ఉండేవి.

ఇంగ్లండ్ నైరుతి తీరం, ఐర్లాండ్ వైపు దొరుకుతుంది. సైజు ఒక సెంటీమీటరు అటూఇటూ, అందుకే ఎవరి కంటా పడదు. మళ్లీ వెతకాలంటే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు వెళ్లండి, నాచును మాత్రం పీకకండి, నీళ్లలో ఉండగానే ఫొటో తీయండి, చేతులు విచ్చుకుని స్పష్టంగా కనిపిస్తాయి.