బ్రాకా పాజిటివ్ వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

అమ్మకు చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వచ్చిందని చెబితే అమెరికాలో డాక్టర్లు జన్యు పరీక్ష చేయించుకోమంటారు. రిపోర్టులో బ్రాకా1 లేదా బ్రాకా2 (రొమ్ము, అండాశయ క్యాన్సర్లతో ముడిపడ్డ జన్యువులు) పక్కన ‘పాథోజెనిక్’, అంటే హాని చేసే మార్పు, అని కనబడగానే మన అమ్మాయిలు రాత్రంతా గూగుల్ చేసి, పొద్దున్నే నాకు ఫోన్ చేస్తుంటారు. నాదీ బ్రాకా2యే కాబట్టి ఆ టెన్షన్ నాకు తెలుసు.

అది క్యాన్సర్ రిపోర్టు కాదు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. ఈ మార్పు ఉన్న ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వస్తుంది. మామూలుగా అయితే 13 మందికి. అందుకే 25 ఏళ్ల నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ కూడా చేస్తారు. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మకమైన పరీక్ష లేదు. అందుకని పిల్లలు చాలనుకున్నాక అండాశయాలు, ఫాలోపియన్ ట్యూబులు తీయించుకోమంటారు: బ్రాకా1 అయితే 35-40 ఏళ్ల మధ్య, బ్రాకా2 అయితే 40-45 వరకు ఆగవచ్చు. రొమ్ములు తీయించుకోవాలా అన్నది మీ ఇష్టం, ఎవరూ బలవంతం చేయరు.

రిపోర్టులో ‘వీయూఎస్’ అని ఉంటే మాత్రం ఆ మార్పు మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదని అర్థం. డేటాబేసుల్లో మనవాళ్ల వివరాలు తక్కువ కాబట్టి మనకిది ఎక్కువగా వస్తుంది. తర్వాత తేలినవాటిలో ఎక్కువ భాగం హాని లేనివే. దాన్ని చూసి ఆపరేషన్లకు పరుగెత్తకండి.

జన్యు పరీక్షల గురించి వివరించే జెనెటిక్ కౌన్సెలర్ అమ్మ వైపే కాదు, నాన్న వైపు కూడా ఎవరెవరికి క్యాన్సర్ వచ్చిందో అడుగుతారు. మేనత్తల సంగతి కనుక్కోండి. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆంధ్రలో, తెలంగాణలో నలభై రాకముందే గర్భసంచి తీయించుకున్నవాళ్లు బోలెడంత మంది. అండాశయాలు కూడా తీసేసి ఉంటే, రావాల్సిన జబ్బు రాకుండా పోయి, కుటుంబ చరిత్ర శుభ్రంగా కనిపిస్తుంది. ఆ ఆపరేషన్ల సంగతి కూడా చెప్పండి.

ఇక ఉద్యోగం, ఇన్సూరెన్స్. జన్యు ఫలితాలను బట్టి వివక్ష చూపకూడదనే 2008 నాటి అమెరికా జీనా చట్టం ప్రకారం 15 మంది, అంతకుమించి ఉద్యోగులున్న కంపెనీ ఈ ఫలితం చూసి మిమ్మల్ని తీసేయకూడదు, హెల్త్ ఇన్సూరెన్స్ వాళ్లు ప్రీమియం పెంచకూడదు. కానీ లైఫ్, డిజెబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ పాలసీలకు ఆ చట్టం వర్తించదు. ఇంకా పరీక్ష చేయించుకోనివాళ్లు ముందు టర్మ్ లైఫ్ పాలసీ తీసుకుని, ఆ తర్వాత పరీక్షకు రక్తం ఇవ్వండి. ఫలితం వచ్చేసినవాళ్లు కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు ఆఫీసు గ్రూప్ లైఫ్ వదలకండి; కొంత మొత్తం వరకు ఆరోగ్యం గురించి అడగకుండానే ఇస్తారు.

అసలు కష్టం ఇంటికి ఫోన్ చేయడం. ‘చెల్లికింకా పెళ్లి కాలేదు, బయటికి పొక్కితే సంబంధాలు రావు’ అంటుంది అమ్మ. ఊరంతా చాటక్కర్లేదు, కానీ తోబుట్టువులకు దాచడం తప్పని నా అభిప్రాయం. ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం సగానికి సగం. అన్నయ్యకీ చెప్పండి: మగవాళ్లకు ప్రొస్టేట్, పాంక్రియాస్ క్యాన్సర్ల ముప్పు ఉంటుంది, వాళ్ల నుంచి కూతుళ్లకూ వెళ్లొచ్చు. మీ రిపోర్టు కాపీ పంపితే హైదరాబాద్ ల్యాబులో ఆ ఒక్క మార్పునే వెతుకుతారు, ఖర్చూ తగ్గుతుంది. మేనరికం చేసుకున్నవాళ్లయితే భర్తకూ పరీక్ష చేయించాలి. ఇద్దరికీ బ్రాకా2 మార్పు ఉంటే బిడ్డకు ఫాంకోనీ ఎనీమియా అనే తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పిల్లల ప్లానింగ్‌కు ముందే ఈ సంగతి తేల్చుకోండి.

హెచ్1బీ మీద ఉండి ఉద్యోగం పోతే అమెరికాలో ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులే, ఇన్సూరెన్స్ కూడా ఉద్యోగంతోనే పోతుంది. లేఆఫ్ వార్తలు వినిపిస్తుంటే ఈ ఏటి ఎమ్మారై వాయిదా వేయకండి. ఉద్యోగం పోయాక పాత ఆఫీసు ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా ప్రీమియం భారీగా ఉంటుంది, కానీ స్కాన్ దగ్గరలో ఉంటే ఆ ఒక్క నెలకైనా కట్టేయండి.