చెల్లి ఏడవడం కూడా మానేసింది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా చెల్లికి 24 ఏళ్లు. మొదటి కాన్పయిన పదిహేను రోజులకే నిద్ర పట్టడం మానేసింది. "పాపను ఎవరో ఎత్తుకుపోతారు" అని గోడలతో మాట్లాడేది. గాలి సోకిందని మావాళ్లు తాయెత్తు కట్టించారు. ఒకరోజు తెల్లారుజామున పాపతో సహా చెరువులో దూకింది. చెల్లిని బయటికి లాగారు, పాప దక్కలేదు. హత్య కేసు పెట్టి రిమాండ్‌కు పంపారు. మొదట్లో ములాఖత్‌లో ఏడ్చేది, ఇప్పుడు పలకడం లేదు. "సర్దుకుందమ్మా, గొడవ చేయట్లేదు" అంటున్నారు అక్కడివాళ్లు. మాత్రలు మేమే తీసుకెళ్లి ఇవ్వొచ్చా? మానసిక జబ్బని రాయిస్తే కేసు పాడవుతుందా?
– ఒక అక్క, పల్నాడు జిల్లా

జవాబు: పలకడం లేదన్నారే, నాకు భయం అక్కడే. జైల్లో అరిచే మనిషిని డాక్టరు దగ్గరికి పంపిస్తారు, మూలన కూర్చున్న మనిషిని బుద్ధిమంతురాలంటారు. కొన్నేళ్లు ఒక మహిళా జైలుకు ఓపీ చూడ్డానికి వెళ్లాను. బ్యారక్‌లో నేను ముందు అడిగేది ఒకటే: అన్నం వెనక్కి పంపుతున్నది ఎవరు?

మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినవి కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్ (లేనివి ఉన్నట్టు తోచి మతి తప్పే జబ్బు) లక్షణాల్లా ఉన్నాయి. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, మందులకు బాగా లొంగుతుంది. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. మందు పనిచేసి తెలివి తేరుకున్నాకే పాప సంగతి ఆమెకు పూర్తిగా తెలిసొస్తుంది. అసలు కాపలా కాయాల్సింది ఆ రోజుల్లోనే. నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెట్టడం దీనికి వైద్యం కాదు.

మాత్రలు మీరు చేతికివ్వకండి. గేటు దగ్గర దొరికితే ములాఖత్‌కే ఎసరు. కాన్పు ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డల కార్డు జిరాక్సులు తీసి, మీరు నాకు రాసినదంతా ఒక అర్జీగా జైలు సూపరింటెండెంట్‌కు, మెడికల్ ఆఫీసర్‌కు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 103 ప్రకారం జైల్లో సైకియాట్రీ వార్డు లేకపోతే, ఈ చట్టం కింద ఉండే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డు అనుమతితో బయటి మానసిక ఆసుపత్రికి మార్చవచ్చు. అదే సెక్షన్‌లో ఇంకోటి ఉంది: మానసిక రోగులెవరూ తమ జైల్లో లేరని మెడికల్ ఆఫీసరు మూడు నెలలకోసారి బోర్డుకు ధ్రువీకరించి పంపాలట! లేరని రాయడంలో ఉన్న సులువు ఉన్నారని రాయడంలో ఉండదు. మీ అర్జీ మీద ఆ సంతకం అందుకే ముఖ్యం.

జబ్బని రాయిస్తే కేసు పాడవదు. చేస్తున్నదేమిటో తెలియని మతిస్థితిలో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 22 రక్షణ ఇస్తుంది. అయితే నిరూపించాల్సింది మీరే. కాబట్టి ఆ రోజుల్లో ఆమె తీరు చూసిన ఆశా కార్యకర్తను, పక్కింటివాళ్లను వకీలుతో మాట్లాడించండి. తాయెత్తు కట్టినాయన కూడా సాక్షే. మహిళ, అనారోగ్యం అన్న రెండు కారణాలూ బెయిల్ పిటిషన్‌లో వేయించండి. కస్టడీలో ఉన్న మనిషి కనుక వకీలు ఉచితం. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. మీకే నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి ములాఖత్‌లో "ధైర్యంగా ఉండు" అనకండి. తింటున్నావా, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునన్నా, అసలు పలక్కపోయినా ఇంటికి రాకుండా నేరుగా సూపరింటెండెంట్ గదికి వెళ్లండి.