రోజుకు ఇరవై ఇంగ్లిష్ పదాలు బట్టీ పడుతున్నా, వారం తిరిగేసరికి మరిచిపోతున్నా. ఏం చేయాలి?

పదో తరగతి దాకా తెలుగు మీడియం అనీ, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో ఉంటున్నాననీ, వచ్చే ఏడు విదేశాల్లో పైచదువుల కోసం జీఆర్‌ఈ పరీక్ష రాయాలనీ, ఆఫీసు మీటింగుల్లో కూడా మంచి పదాలు వాడాలనీ రాశారు. నేనూ ఆ దారినే వచ్చాను. మదనపల్లె పక్కన పల్లెలో చదువుకుని 2012లో బెంగళూరు వచ్చాను. అదే మారతహళ్లిలో, నలుగురం ఉండే గదిలో, బీరువా తలుపుకు పదాల కాగితం అంటించుకుని పొద్దునే పళ్లు తోముకుంటూ చదివేదాన్ని. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగట్లో కొన్న పుస్తకం అది. అందులో 3500 పదాలు, అక్షర క్రమంలో ఉండేవి. ఆరు నెలలైనా 'సి' దాటలేదు. 'అడ్వర్స్' (adverse), 'అవర్స్' (averse) ఒకే వారంలో మింగడం వల్ల, ఏది ప్రతికూలమో ఏది అయిష్టమో తేల్చుకోవడానికి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను.

ముందుగా ఒక మాట. మరిచిపోవడం మీ తెలివితక్కువతనం కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలు తానే కంఠస్థం చేసి, ఎంత త్వరగా మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. నేర్చినదాంట్లో చాలా భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జారిపోయింది. వాక్యం లేకుండా, మనిషి లేకుండా, సందర్భం లేకుండా కాగితం మీద కనిపించే ఇంగ్లిష్ పదం కూడా మనకు అలాంటి అక్షరాల ముక్కే.

కానీ మరుపు కంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. నాకది ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అర్థమైంది. అమెరికా క్లయింట్‌కు మెయిల్ రాస్తూ 'వీ విల్ అమీలియరేట్ ది బగ్' అన్నాను. బగ్ అంటే ప్రోగ్రాములో దొర్లిన తప్పు. నా ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో ఆ పదానికి 'బాగుచేయు, మెరుగుపరచు' అని ఉంది. బగ్‌ను బాగుచేస్తామనే కదా నేను చెప్పాలనుకున్నది! అటునుంచి ఒక్క ప్రశ్న వచ్చింది: బగ్ పూర్తిగా పోతుందా, లేక దానివల్ల కలిగే ఇబ్బంది కొంత తగ్గుతుందా? న్యాయమైన ప్రశ్నే. 'అమీలియరేట్' అంటే చెడ్డగా ఉన్న పరిస్థితిని కాస్త మెరుగు చేయడం, దాన్ని లేకుండా చేయడం కాదు. బతుకు పరిస్థితులకో, జనం కష్టాలకో వాడతారు. బగ్‌కు 'ఫిక్స్' చాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అర్థం తెలిసి కూడా తప్పు చేశానంటే, నేను నేర్చుకుంటున్నది ఏమిటి అని.

జవాబు మన తెలుగులోనే దొరికింది. వాన వెలుస్తుంది. కోపం చల్లారుతుంది. గాయం మానుతుంది. జ్వరం తగ్గుతుంది. అప్పు తీరుతుంది. అన్నిట్లోనూ ఒక బాధ పోవడమే ఉంది, అయినా 'గాయం వెలిసింది' అని మూడేళ్ల పిల్ల కూడా అనదు. ఉప్పూ లవణమూ ఒకటేనని నిఘంటువు చెబుతుంది. 'కూరలో లవణం తక్కువైంది' అని ఇంట్లో అని చూడండి. మనకివి ఎవరూ జాబితా రాసి నేర్పలేదు. ఏ మాట ఏ మాటతో తిరుగుతుందో వేలసార్లు వింటూ పట్టుకున్నాం. ఇంగ్లిష్ పదానికీ అలాంటి సావాసం ఉంటుంది. దాన్ని వదిలేసి అర్థాన్ని మాత్రమే మోస్తున్నాం కాబట్టే మరిచిపోతున్నాం, గుర్తున్నా తప్పుగా వాడుతున్నాం.

బెంగళూరులో మీకు రోజూ దొరికే ఉదాహరణ ఇంకొకటి చెబుతాను. 'స్వల్ప' మనకు పత్రికల్లో కనిపించే మాట: స్వల్ప గాయాలు, స్వల్ప ఆధిక్యం. ఇక్కడ కన్నడలో అది టీ అంగడి మాట. 'స్వల్ప సక్కరె హాకి' (కొంచెం చక్కెర వేయండి) అని ఎవరైనా అంటారు. మాట ఒకటే, అది మసిలే చోటు వేరు. మీరు దాన్ని పుస్తకం చూసి నేర్చుకోలేదు కదా, టీ అంగట్లో నిలబడి నేర్చుకున్నారు.

అప్పటినుంచి జాబితా పక్కన పెట్టి ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. పదం ఎక్కడ కనిపించిందో ఆ వాక్యం మొత్తం ఎక్కించుకోవడం, దాని కింద ఆ పదం పక్కన తరచుగా వచ్చే రెండు మూడు మాటలు రాసుకోవడం, అంతే. 'మిటిగేట్' దగ్గర రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్. 'అలీవియేట్' దగ్గర పెయిన్, పావర్టీ, ఇంకా ట్రాఫిక్ కంజెషన్. ఆ చివరిది సిల్క్ బోర్డు జంక్షన్ గురించిన వార్తలోది, 500డి బస్సులో నిలబడి చదివాను కాబట్టి జన్మలో మరిచిపోను. 'అబేట్' మటుకు తుఫానుకో, హోరుకో, ఆందోళనకో తనంతట తాను జరిగే పని, మన వాన వెలిసినట్టు. ఈ మూడింటికీ నా పాత నిఘంటువులో 'తగ్గించు, తగ్గు' అన్న తెలుగే ఉండేది. అయితే వీటిని ఒకే రోజు కూర్చుని నేర్చుకోలేదు, నెలల తేడాతో ఒక్కొక్కటే ఎదురయ్యాయి. ఒకేసారి నేర్చుకుని ఉంటే అడ్వర్స్, అవర్స్ గతే పట్టేది.

ఏ పదాలతో మొదలుపెట్టాలి అంటే, అరుదైన వాటితో మాత్రం వద్దు. న్యూజిలాండ్‌కు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ 2000లో విద్యా సంబంధమైన రచనలను, సుమారు 35 లక్షల పదాల మేర, పరిశీలించి 570 పద కుటుంబాల (ఒకే మూలపదం నుంచి వచ్చిన మాటల గుంపుల) జాబితా తయారుచేసింది. అలాంటి రచనల్లో దాదాపు పదో వంతు ఆ కుటుంబాలవే. డిరైవ్, కాన్‌స్టిట్యూట్, సబ్సీక్వెంట్, ఇన్‌హెరెంట్, ఆల్‌బీట్, నాట్‌విత్‌స్టాండింగ్ లాంటివి. చూస్తే అన్నీ తెలిసినట్టే ఉంటాయి. ఒక్కోదానితో సొంతంగా వాక్యం రాయండి, ఎన్ని నిజంగా మీవో తేలిపోతుంది. నాకైతే సగం నావి కాదని తేలింది. ఈ జాబితాను కూడా బట్టీ పట్టకండి, చదివేటప్పుడు ఎదురైన చోట గుర్తుపట్టడానికి వాడుకోండి.

జీఆర్‌ఈ కూడా మారింది. వ్యతిరేక పదాలు, అనాలజీలు (పదాల జతల మధ్య పోలిక పట్టే ప్రశ్నలు) 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీలు నింపాలి, లేదా ఆరు పదాల్లోంచి వాక్యానికి ఒకే అర్థం ఇచ్చే రెండింటిని ఎంచాలి. అంటే సావాసం తెలిసినవాళ్లకే మార్కులు.

ఇంగ్లిష్ పదాల లాటిన్ ధాతువులు (రూట్స్) నేర్చుకోవాలా అనీ అడిగారు. కొన్ని నేర్చుకోండి, మనకు ఆ అలవాటు ఉంది. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం అన్నీ ఒకే ధాతువు, ముందు ఉపసర్గ మారితే అర్థం ఎక్కడికో పోతుంది. 'స్పెక్ట్' అంటే చూడడం. ఇన్‌స్పెక్ట్ లోపలికి చూడడం, రెట్రోస్పెక్ట్ వెనక్కి చూడడం, సర్కమ్‌స్పెక్ట్ అంటే చుట్టూ చూసుకుని అడుగేసే మనిషి. కానీ ధాతువు ఒక్కటే తెలిసినంత మాత్రాన సంహారమేమిటో ఊహించలేం కదా, ఇక్కడా అంతే. ధాతువు గుర్తుపెట్టుకోవడానికి సాయం చేస్తుంది, అర్థానికి హామీ ఇవ్వదు.

నిఘంటువు విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: తెలుగు అర్థం చూసి ఆగిపోకండి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ వాడండి, ఇంటర్నెట్‌లో ఉచితం. జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ అక్కడి విద్యార్థుల కోసం చేసిన పని అది, మొదట 1942లో టోక్యోలో వచ్చింది. పరాయి భాషగా ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకు ఏ పదం పక్కన ఏది వస్తుందో తెలియదని గ్రహించి తయారుచేసిన పుస్తకం కాబట్టి, మనకు కావలసినది అందులో ఉంది.

రోజుకు ఇరవై మానేసి వారానికి పది పెట్టుకోండి. రాసుకున్న రోజు మర్నాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, రెండు వారాలకు మరోసారి వాక్యంలోని ఆ పదాన్ని చేత్తో మూసి గుర్తు తెచ్చుకోండి. మీటింగులో వాడడానికి తొందరపడకండి. మూడు వేర్వేరు చోట్ల చదివాక, నాలుగోసారి అది దానంతట అదే నోటికి వస్తుంది. పీజీలో చదువు సాగకపోతే ఆదివారం కబ్బన్ పార్కులోని ఎర్ర లైబ్రరీకి వెళ్లండి. నా నోటుపుస్తకంలో మొదటి యాభై పేజీలు అక్కడి బల్లల మీద రాసినవే.