డెలివరీ చేస్తూ యాక్సిడెంట్ అయితే డబ్బులు ఎవరిస్తారు?

ప్రశ్న: సార్, మా తమ్ముడికి 28 ఏళ్ళు, కూకట్‌పల్లిలో ఫుడ్ డెలివరీ చేస్తాడు. నాలుగు నెలల కింద రాత్రిపూట ఆర్డర్ తీసుకెళ్తుంటే వెనక నుంచి కారు గుద్దింది, కాలు విరిగితే రాడ్ వేశారు. కంపెనీ వాళ్ళనడిగితే మీవాడు ఉద్యోగి కాదు, పార్ట్‌నర్ అంటున్నారు, ఇప్పుడు ఐడీ కూడా బ్లాక్ చేశారు. లేబర్ కోర్టుకి వెళ్ళమంటారా?

జవాబు: వెళ్ళొచ్చమ్మా, కానీ ముందు అక్కడికి కాదు. ఉద్యోగా పార్ట్‌నరా అన్నది తేలడానికి ఏళ్ళు పడుతుంది, ఆస్పత్రి అప్పు అన్నాళ్ళు ఆగదు కదా. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ వర్కర్ (అంటే మీవాడిలా యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ళు) అనే మాట ఉంది నిజమే, కానీ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాళ్ళు అని దాని నిర్వచనంలోనే రాసిపెట్టారు, కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ నేరుగా రావు. కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఒక ఫండ్‌కి కట్టాలి, ఆ ఫండ్‌తో స్కీములు పెడతారు, అంతేగానీ మీవాడి కాలికి ఇంత అని లెక్కగట్టి ఎవరూ ఇవ్వరు. (పార్ట్‌నర్ అంటారు గానీ లాభంలో వాటా అడిగితే తెలుస్తుంది.) తెలంగాణ ప్రభుత్వం 2023 చివర్లో గిగ్ వర్కర్లకి ప్రకటించిన 5 లక్షల బీమా ప్రమాదంలో చనిపోతే ఇచ్చేది, దేవుడి దయవల్ల మీకు దాని అవసరం పడలేదు.

మీకు అసలు డబ్బులు వచ్చేది మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్లో, అంటే రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం తేల్చే కోర్టులో. అక్కడ మీవాడు ఎవరి దగ్గర పనిచేస్తున్నాడన్నదాంతో పనిలేదు, తప్పు కారుదా కాదా, కారుకి ఇన్సూరెన్స్ ఉందా, మీవాడికి ఎంత నష్టం జరిగింది, చూసేది ఇదే. చట్టం ప్రకారం యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపు కేసు వెయ్యాలి, అంటే మీకింకా రెండు నెలలే ఉంది. ఆలస్యమైందని కేసులు కొట్టెయ్యొద్దని 2025 నవంబర్లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. ఎఫ్ఐఆర్, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, మీవాడి లైసెన్స్ అన్నీ ఒకచోట పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి, ఐడీ బ్లాక్. మీరు దాన్ని ఉద్యోగం పోయింది అన్నట్టు చూస్తున్నారు, నాకైతే సాక్ష్యం పోతోంది అనిపిస్తోంది, ఎందుకంటే మీవాడు నెలకెంత సంపాదిస్తున్నాడో చూపించేది ఆ యాపే. నెలకి 20,000 అని రుజువు చేశారనుకోండి, ఏడాదికి 2,40,000, నలభై ఏళ్ళ లోపువాడు కాబట్టి భవిష్యత్తులో ఆదాయం పెరుగుతుందని 40 శాతం కలిపితే 3,36,000, 28 ఏళ్ళ వయసుకి కోర్టులు వాడే లెక్క ప్రకారం 17తో గుణిస్తే 57,12,000. కాలు వల్ల పనిచేసే శక్తి 30 శాతం పోయిందని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే 17,13,600 వస్తుంది, వైద్యం ఖర్చులు, బాధకిచ్చేది అదనం. అదే కాగితాలు లేవని ట్రిబ్యునల్ నెలకి 10,000 వేసుకుందనుకోండి, ఆ 17 లక్షలు కాస్తా ఎనిమిదిన్నరకి పడిపోతాయి.

అందుకని ఈ వారంలోనే బ్యాంకుకెళ్ళి వారం వారం పడిన పేఔట్ల స్టేట్‌మెంట్ తీయించండి, కనీసం ఏడాదిది. టీడీఎస్ కట్ చేసుంటే పాన్ మీద 26ఏఎస్‌లో (ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ స్టేట్‌మెంట్) కనపడుతుంది, అదీ తీయండి. ఆ రాత్రి ఆర్డర్ ఐడీ, మీవాడి సంపాదన వివరాలు, డెలివరీ వాళ్ళందరికీ కలిపి కంపెనీ తీసుకున్న గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే దాని నంబరు ఇమ్మని కంపెనీకి మెయిల్ పెట్టండి, కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే రాతలో ఏమీ మిగలదు. ఐడీ ఎందుకు బ్లాక్ చేశారో కూడా అదే మెయిల్లో అడగండి. జవాబు రాకపోతే ట్రిబ్యునల్ ద్వారానే రికార్డులు తెప్పించుకోవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళ లాయరు మీవాడి సంపాదనలోంచి పెట్రోలు ఖర్చు తీసెయ్యాలి అంటాడు, అనేది అనివ్వండి, బండి ఖర్చు నిజంగా ఎంతో మీరే ముందు చెప్తే వాళ్ళు పెద్ద అంకె వెయ్యలేరు.

డాక్టర్ కాలుకి 40 శాతం వైకల్యం అని రాసినంత మాత్రాన అదే ఫైనల్ కాదు. రోజంతా బండి మీద తిరిగి, లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్లో నాలుగో అంతస్తుకి ఎక్కాల్సినవాడికీ, కుర్చీలో కూర్చుని పనిచేసేవాడికీ ఒకే కాలు ఒకే నష్టం కాదు, మీవాడి పని ఎలాంటిదో సాక్ష్యంలో వివరంగా చెప్పించండి.

లాయర్ ఫీజు భయముంటే న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగండి. ఈలోగా కారు ఓనరు పాతిక వేలు ఇస్తాను, స్టేషన్లో రాజీ కాగితం మీద సంతకం పెట్టండి అంటే మాత్రం పెట్టకండి. ఒకవేళ ఇప్పటికే ఏదైనా సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం కాపీ కూడా లాయరుకి చూపించండి.